పటాన్‌చెరులో సముద్రపు గడ్డి నాట్లు

ఆ రోజుల్లో పటాన్‌చెరులో బస్సు దిగగానే ఫ్యాక్టరీల కంపుకు ముక్కు మూసుకున్నవాళ్ళు కొత్తవాళ్ళనీ, మూసుకోనివాళ్ళు ఊరివాళ్ళనీ కండక్టర్లకు కూడా తెలుసు. నేను రెండో రకం. పుట్టిందీ, పెరిగిందీ, చదివిందీ ఇక్కడే. అయినా నన్ను ఎవరూ ఇక్కడిదానిగా లెక్క వేయలేదు. మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు కాబట్టి మేము ఆంధ్రోళ్ళం. ఆంధ్రోళ్ళం కాబట్టి సముద్రపోళ్ళం. మా నాన్న ఊరికీ సముద్రానికీ మధ్య ఎన్ని ఊళ్ళున్నాయో, ఎన్ని కాలువలు దాటాలో పటం గీసి చూపించినా వినేవాళ్ళు లేరు. అసలు సంగతి ఏమిటంటే, ఇరవై రెండేళ్ళు వచ్చినా నేను సముద్రం చూడలేదు. మా అమ్మైనా చూసిందేమోనని అడిగితే, "మనకి సముద్రమంటే రేడియోలో తుఫాను వార్తలేనే. కప్పు ఉందా ఎగిరిపోయిందా అని చూసుకోవడానికే సరిపోయేది, ఇంక సముద్రమెక్కడ చూస్తాం?" అంది. నాకు మాత్రం ఒక్కసారి చూడాలని చచ్చేంత కోరిక. ఆ కోరికే లేకపోతే ఇప్పుడు చెప్పబోయే తిప్పలేవీ నేను పడేదాన్ని కాదు. మొదటి వారంలోనే రాజీనామా బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేసేదాన్ని.

నేను పనిచేసింది ముంబై హైవే పక్కన, మట్టీ నీళ్ళూ పరీక్షించే ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో. మా యజమానిని వెనకాల అందరూ "అయితది సారు" అనేవారు. ఆయనకు ఏ పని చెప్పినా "అయితది" అనేవారు; ఎట్లా అవుతుందన్నది మాత్రం మా మీద వదిలేసేవారు. ఆయన తర్వాత అధికారమంతా స్టోరు మామది. స్టోరు తాళాలు ఆయన నడుముకే ఉండేవి. ఒక గాజు గొట్టం కావాలన్నా, "జెర ఆగు బిడ్డా, పరేషాన్ చెయ్యకు" అని, చాయ్ ముగించి, మీసం తుడుచుకుని, అప్పుడు తాళం తీసేవాడు. నేను కొలత తప్పితే ఓర్చుకోలేని మనిషిని. నూటికి ఒక పాలు తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి చేసేదాన్ని. అటువంటిదాన్ని "అయితది" సారుకూ "ఆగు" మామకూ మధ్య పడేసిన విధి మీద నాకు ఇప్పటికీ ఫిర్యాదు ఉంది.

ఒకరోజు సారు గదిలోకి పిలిచారు. తీరంలో ఒకచోట సముద్రపు గడ్డి పోయిందట. (సముద్రపు గడ్డి అంటే నాచు కాదు. ఈ మాట ఆ ఏడాది ఎంతమందికి చెప్పానో! నాచుకు వేరుండదు. ఇది నిజమైన గడ్డి. ఉప్పునీళ్ళ అడుగున వేళ్ళు దించి, కాడలు అడ్డంగా పాకించి, పచ్చిక బయలులా పరుచుకుంటుంది. పూలు కూడా పూస్తుంది.) దాని చాటునే రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పెరుగుతాయి. పడవల దారి కోసం అడుగు తవ్వితే గడ్డి పోయింది, గడ్డితోపాటు రొయ్యలూ పోయాయి. జాలర్ల సంఘం మళ్ళీ నాటించింది, నాటిందల్లా కొట్టుకుపోయింది. ఏ రకం అడుగుమట్టిలో అది నిలుస్తుందో ముందు తొట్లలో పెంచి చూడాలని ఒక కమిటీ మట్టి తెలిసినవాళ్ళ కోసం వెతుకుతోంది. మా సారు "మట్టి మా పనే, అయితది" అని ఒప్పేసుకున్నారు. సముద్రం అక్కడ, మేము ఇక్కడ. మధ్యలో ఒక రాత్రి బస్సు ప్రయాణం.

"ఏమ్మా, మీరు సముద్రపోళ్ళే కదా. ఈ పని నీదే" అన్నారు సారు.

"సార్, నేను సముద్రం చూడలేదు సార్."

"అరె, నువ్వు చూడకుంటే ఏంది? రక్తంల ఉంటది కదా!"

ఇంకేదో అనబోయాను గానీ, ఆయన తర్వాతి మాటకు నా నోరు మూతపడింది. ఒక్క తొట్టిలోనైనా గడ్డి వేరు పట్టి కొత్త ఆకు వేస్తే, కమిటీ ఖర్చులతో ల్యాబు నుంచి ఇద్దరు తీరానికి వెళ్ళి, జాలర్లతో కలిసి నీళ్ళలో దిగి నాటి రావాలట. ఒకరు సారు. రెండో మనిషి, పని చేసినవాళ్ళు కాక మరెవరు? నేను ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుతూ వెళ్ళాను.

ముందు ఇసుక వచ్చింది. ఆ తీరం నుంచే, లారీలో, కొంచెం ఒండ్రు కలిసిన సన్నటి ఇసుక. ప్రయోగమంతా దాని మీదే ఆధారపడింది. గేటు పక్కన కుప్ప పోయించి, పైన టార్పాలిన్ కప్పించి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టించి, "ఎవరూ ముట్టరాదు" అని అట్టముక్క మీద రాసి గుచ్చాను. ఆ మర్నాడు ఆదివారం. సోమవారం పొద్దున వచ్చేసరికి టార్పాలిన్ చక్కగా మడత పెట్టి ఉంది, అట్టముక్క దాని మీద ఉంది, కుప్ప లేదు. చుట్టూ ఊరంతా ఇళ్ళూ షెడ్లూ లేస్తున్న రోజుల్లో పటాన్‌చెరులో రోడ్డు పక్కన ఇసుక పోసి దానికి కాపలాగా అట్టముక్కను పెట్టిన నా తెలివిని ఏమనాలి? అయితే దొంగలు బయటివాళ్ళు కూడా కాదు. ల్యాబు వెనకాల సారు కొత్త బాత్‌రూము కట్టిస్తున్నారు. దాని గోడ తడితడిగా మెరుస్తోంది. మేస్త్రి బీడీ కాలుస్తూ దాన్ని ముచ్చటగా చూసుకుంటున్నాడు.

"ఇక్కడున్న ఇసుక ఏదయ్యా?"

"గోడకు పోయింది మేడం. మస్తు సన్నగున్నది, జల్లెడ పట్టుడు గూడ తప్పింది."

"ముట్టరాదని రాశాను కదా!"

"ముట్టలే మేడం. పారతోనే ఎత్తినం."

సారుతో చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు. ఇప్పుడు మేస్త్రిని నాలుగు తిడతారనుకున్నాను. కిటికీలోంచి తొంగి చూసి, "గోడ మంచిగనే వచ్చినట్టుంది కదా" అన్నారు. (రాలేదు. ఉప్పుటిసుకతో పూసిన ఆ గోడ మొదటి వానాకాలానికే తెల్లటి పొక్కులు తేలి పెచ్చులు ఊడింది. ఎన్నిసార్లు పూయించినా మళ్ళీ ఊడేది. ఆ ఒక్క విషయంలో నాకు కొంత తృప్తి కలిగిన మాట నిజం.)

వేరే ఇసుక తెప్పిద్దామంటే వ్యవధి లేదు. గడ్డి అప్పటికే బయల్దేరింది. తడి గోనెల్లో చుట్టి, మంచుగడ్డల మధ్య పెట్టి పంపిన ఆ కాడలు బుధవారం దిగాయి. చేతివేలంత పొడుగు, నాడాలాంటి ఆకులు, ఎండకు వాడిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. నేను లీటరుకు ముప్పై అయిదు గ్రాముల లెక్కన ఉప్పులన్నీ కలిపి మూడు తొట్లకూ నీళ్ళు సిద్ధం చేసి ఉంచాను గానీ, అడుగున పరవడానికి ఏమీ లేదు. సారు గోనెలోకి చూసి, "ఇసుక పోతే పోయింది తీయ్. మన దగ్గర బంగారమసొంటి నల్లరేగడి ఉన్నది. దాంట్ల ఏదేసినా వస్తది" అన్నారు.

"సార్, నల్లరేగడి మరీ సన్నమట్టి. నీళ్ళ కింద గాలాడదు. వేళ్ళు కుళ్ళుతాయి."

"వరికి ఆడుతుందా గాలి? వరి కుళ్ళుతుందా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక కాదు. నేను నోరు తెరిచేలోగా ఆయన ఫోనెత్తి ఇంద్రేశంలో నాట్లు వేసే ఆడవాళ్ళను పిలిపించేశారు.

ఇంద్రేశం అప్పుడు పొలాల ఊరు. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్ళు తప్ప నారుమడి కనబడదు గానీ, ఆ రోజుల్లో చుట్టుపక్కల నాట్లంటే ఇంద్రేశం అక్కదే పేరు. తన జట్టుతో వచ్చి, కొంగు దోపుకుని, గోనె విప్పి చూసి నడుము మీద చెయ్యి పెట్టింది.

"ఏందమ్మా ఇది, గడ్డా? జిందగీల గడ్డి పీకుడే గాని నాటుడు ఎరుకలేదు మాకు."

"ఇది వేరే గడ్డి అక్కా. సముద్రంలోది."

"మీ తాన గిట్ల గడ్డి గూడ నాటుకుంటరా? పాపం, పొలాలు లేవా ఏంది?"

జట్టంతా గొల్లుమంది. నేను సముద్రం చూడలేదని మళ్ళీ మొదలుపెట్టాను, ఎవరూ వినలేదు. నల్లమట్టి తొట్లలో పడింది. అక్క దిగి కాళ్ళతో తొక్కి, వరిమడిలా దమ్ము చేసింది. అంతవరకైనా సహించాను. కానీ మట్టిని రెండు వేళ్ళతో నలిపి చూసి, "దీంట్ల ఎరువేది?" అంది.

"ఎరువు వద్దు అక్కా! ఈ గడ్డికి ఎరువు పడదు."

"ఎరువెయ్యకుంట నాటేసి పోతే రేపు ఎండిపోతది. ఇంద్రేశమోళ్ళు నాటిన్రట, ఎండిపోయిందట అంటరు. నా పేరు ఖరాబ్ గాదా? సారూ, మీరు చెప్పున్రి."

సారు ఏం చెప్పారో మీకు తెలుసు. గంపల కొద్దీ పశువుల ఎరువు తొట్లలో పడింది. ఆ తర్వాత ఆ ఆడవాళ్ళు పాట అందుకుని, వరసలు తప్పకుండా, చెయ్యి కనబడనంత వేగంగా నాటేశారు. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంది, కాదనను. కాకపోతే పైపైన అడ్డంగా పడుకోవాల్సిన కాడను వరినారులా నిలువునా బొటనవేలితో లోతుకు గుచ్చారు. రెండు తొట్లు నిండాయి. మూడో తొట్టి దగ్గర నేను చేతులు చాపి నిలబడ్డాను. "దీన్ని ముట్టుకోవద్దు. ఇందులో ఇసుకే వెయ్యాలి" అన్నాను. ఇంద్రేశం అక్క నన్ను జాలిగా చూసి, "ఇసుకల నాటేస్తే చూసినోళ్ళు నవ్వుతరు బిడ్డా. మేమైతే ఎయ్యం" అని చేతులు కడుక్కుంది.

కుప్ప పోసిన చోట మట్టిలో కలిసిపోయిన ఇసుకను చీపురుతో ఊడ్చి, జల్లెడ పట్టాను. చాలలేదు. బాత్‌రూముకని తెచ్చిన మంజీర నది ఇసుక ఉంటే (దాన్ని వాడకుండా నాది వాడిన మేస్త్రికి దండం) దాన్ని కూడా సన్నగా జల్లించి, కొంచెం ఒండ్రు కలిపి, తొట్టిలో జానెడు మందాన పరిచాను. మిగిలిన కాడలను నేనే పడుకోబెట్టాను. నీళ్ళు పోయగానే అన్నీ లేచి పైకి తేలాయి. మళ్ళీ గుచ్చాను, మళ్ళీ తేలాయి. వాటిని అడుగుకు పట్టి ఉంచడానికి వంచిన తీగముక్కలు వాడాలి. తీగ అడిగితే స్టోరు మామ, "ఆర్డర్ పెట్టినం బిడ్డా, వస్తది" అన్నాడు. వచ్చేదాకా గడ్డి ఆగుతుందా? తల పట్టుకున్నాను. చేతికి జడపిన్ను తగిలింది.

బజారులో సేటు దుకాణానికి పరుగెత్తాను. వంచిన తీగలాంటి జడపిన్నులు ఆయన దగ్గర అట్టల మీద ఉండేవి. ఉన్న అట్టలన్నీ ఇమ్మన్నాను. అంతకు ముందు వారమే ఆయన దగ్గర బస్తాల కొద్దీ ఉప్పు కొని ఉన్నాను. సేటు కళ్ళద్దాలు పైకి నెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"మొన్న ఉప్పు. ఇయ్యాల పిన్నులు. రేపు నిమ్మకాయలు అడుగుతవా ఏంది? బిడ్డా, ఎవరికన్నా బాణామతి చేస్తున్నవా?"

"గడ్డి నాటుతున్నాను సేటు."

"పిన్నులతోనా!" అని, అట్టలు నా చేతికి తాకకుండా గల్లాపెట్టె మీదుగా జరిపాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన భార్య నేను కనబడితే పిల్లల్ని లోపలికి పిలిచేది.

పిన్నులతో ఒక్కొక్క కాడనూ అడుగుకు కుట్టినట్టు గుచ్చాను. ఈసారి తేలలేదు. పక్క రెండు తొట్లలో గడ్డి మొదటి నాలుగైదు రోజులు పచ్చగా నిలబడి, నన్ను వెక్కిరించింది. సారు రోజూ వచ్చి ఆ రెండింటినే చూసి, "చెప్పినా కదా" అనేవారు. నా తొట్టి వంక చూసి, "దీనికి జడలెయ్యకపోయినవా?" అనేవారు.

తర్వాత వాసన మొదలైంది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన. మా ప్రాంతంలో వాసన రావడం వార్త కాదు. ఏ వాసనో, ఎవరిదో చెప్పుకోవడం మాకు కాలక్షేపం. కానీ ఇది అంతకు ముందు ఎవరూ ఎరగనిది. రెండో రోజుకు వెనక కాలనీ వాళ్ళు ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకున్నారు. మూడో రోజు గుంపుగా కదిలారు. ముందు ఒక రిటైరైన పెద్దాయన, చేతిలో సీసా. వాళ్ళు వెళ్ళింది ఏ ఫ్యాక్టరీకో కాదు, మా దగ్గరికే.

"సారూ, మీరు మంచి పరీక్షలు చేస్తరని వచ్చినం. గాలి గీ సీసల పట్టిన. ఇది ఏ ఫ్యాక్టరీదో ఈసారి తేలాలె. కాయితం మీద రాసియ్యున్రి, మేం పోయి గేటు ముందల కూసుంటం."

సారు వాళ్ళందరికీ చాయ్ తెప్పించి, మూత బిగించిన ఖాళీ సీసాను గౌరవంగా అందుకుని, "అయితది" అన్నారు.

నాకు అనుమానం తగిలింది అప్పుడే. బయటికంటే లోపల వాసన ఎక్కువగా ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే నల్లమట్టి తొట్లలో బుడగలు. చేత్తో ఒక కాడ లాగితే వేరు నల్లగా, మెత్తగా ఊడి వచ్చింది. గాలాడని సన్నమట్టి, అందులో పేడ, పైన ఉప్పునీళ్ళు; మూడూ కలిస్తే వచ్చే వాయువే అది. ఆ వాయువును పట్టిచ్చే సీసపు (లెడ్) ద్రావకంలో ముంచిన కాగితం తొట్టి మీద పట్టుకున్నాను. చూస్తుండగానే కాటుక పూసినట్టు నల్లబడింది. దాన్ని తెచ్చి సారు ముందు పెట్టాను.

"వాసన మనదే సార్."

సారు ముఖం కూడా ఆ కాగితంలాగే అయింది. "వాళ్ళు మళ్ళీ వచ్చేలోగా మూడు తొట్లూ ఖాళీ చేయించు. గడ్డి లేదు, గిడ్డి లేదు. కమిటీకి నేను రాస్త, ఈ నీళ్ళు దానికి పడలేదని" అన్నారు.

"మూడూనా? నా తొట్టిలో వాసన లేదు సార్!"

"ఒకటి ఉంచితే ఇదేందని అడగరా?"

అక్కడే నా సముద్రం పోయేట్టుంది. కోపం ఆగక నేను వెనక్కి వెళ్ళి నా తొట్టి గట్టు మీద కూర్చున్నాను. స్టోరు మామ బకెట్లు పట్టుకుని వచ్చి, "లే బిడ్డా, పరేషాన్ చెయ్యకు" అన్నాడు. లేవలేదు. "నన్ను కూడా బకెట్లో ఎత్తుకుపో మామా" అన్నాను. ఆయన బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని బీడీ వెలిగించబోయి, ఆ వాసనలో అగ్గిపుల్ల గీయడానికి భయపడి జేబులో పెట్టుకున్నాడు. ఈలోగా కాలనీ వాళ్ళు ఫలితం కోసం రానే వచ్చారు. సారు నాలుకతో పెదాలు తడుపుకుంటున్నారు. ఇక నేనే లేచి, "వాసన మా తొట్లలోది. గడ్డి పెంచబోతే మట్టి కుళ్ళింది" అని చెప్పేశాను.

వాళ్ళు నమ్మితే కదా!

"గడ్డికి గింత కంపా?" అన్నాడు పెద్దాయన. గుంపులోంచి ఎవరో, "అర్థమైంది. ఏ ఫ్యాక్టరోడో వీళ్ళను కొనేసిండు" అన్నారు. మా ల్యాబును కొనాలంటే ముందు మా కుర్చీలకు కాళ్ళు చేయించాలి, ఎవడు కొంటాడు? నిజం చెప్పినా నెత్తిన రుద్దితే గానీ తలకెక్కదని తెలిసి, పెద్దాయన చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరకు తీసుకెళ్ళి, కర్రతో మట్టి కదిపాను. ఆయన తువ్వాలు, కళ్ళద్దాలు, మాట మూడూ ఒక్కసారే జారాయి. ఊపిరి తిరిగాక, "ఇదే, ఇదే" అన్నాడు. తర్వాత పక్క తొట్టి వైపు చూసి, "మరి దీంట్ల రాలేదేంది?" అని వంగాడు. నేనూ వంగాను. పొద్దున్నుంచి గొడవలో నేను చూడనే లేదు. తేటనీళ్ళ అడుగున, ఒక పిన్ను పక్కన, కాటుక పుల్లంత కొత్త ఆకు. లేత పచ్చ. కాడ ఇసుకలోకి ఒక కొత్త వేరు దించింది.

ఆ రెండు తొట్లనూ కాలనీ వాళ్ళే దగ్గరుండి ఖాళీ చేయించారు. మూడోదాన్ని ముట్టనివ్వలేదు, సరిగ్గా చెప్పాలంటే, మళ్ళీ దాని గట్టు మీద కూర్చున్న నేను లేవలేదు.

కమిటీ వచ్చినప్పుడు తీరం నుంచి వచ్చిన ఒకాయన నా తొట్టి ముందు గొంతుక్కూర్చుని, ఆకును రెండు వేళ్ళతో మెల్లగా లాగి చూశాడు. ఊడి రాలేదు. "పట్టిందండీ" అన్నాడు. ఆ ఒక్క మాటకే నా కళ్ళ ముందు అలలు కనబడ్డాయి. సారు గొంతు సవరించుకుని, "మేం కావాలనే రెండు తొట్లలో ఎరువు మట్టి పెట్టించినం. ఏది పనికిరాదో తెలవాలె కదా" అన్నారు. కమిటీ వాళ్ళు మెచ్చుకుంటూ రాసుకున్నారు. ఇంద్రేశం అక్క ఆ సమయంలో అక్కడ లేకపోవడం సారు అదృష్టం.

ప్రయాణం ఖాయమైంది. నేను అమ్మ దగ్గర చిన్న పెట్టె అడిగి దులిపి పెట్టుకున్నాను. బయల్దేరడానికి ముందు రోజు సారు పిలిచారు. నవ్వుతూ, ఎంతో ప్రేమగా చెప్పారు.

"ఏమ్మా, ఒక మాట. స్టోరు మామ పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి సముద్రం చూడలేదంట. నీకేమో అది ఇంటి ముందర ఉండేదే. ఈసారికి ఆయన్ను తోలుకపోతా. నువ్వు ల్యాబు చూసుకో."

నేనేమన్నాను? అన్నీ అన్నాను. చూడలేదన్నాను, మా ఊరు కాలువ పక్కనన్నాను, అమ్మను పిలిపిస్తానన్నాను. ఆయన భుజం తట్టి, "నీ మంచి మనసు నాకు తెల్వదా? ముసలాయన పోతున్నడని బాధపడకు" అన్నారు. ఇందులో నా మంచి మనసు ఎక్కడ కనబడిందో నాకు ఇప్పటికీ తెలియదు. జడపిన్నుల అట్టలన్నీ మూటగట్టి స్టోరు మామ చేతిలో పెట్టాను. కాడ ఎంత లోతున పెట్టాలో నేల మీద గీసి చూపించాను. అడుగు బురదగా ఉన్నచోట నాటవద్దనీ, ఒండ్రు కొంచెమే కలిసిన ఇసుక మీదే నాటమనీ మూడుసార్లు చెప్పించుకున్నాను.

వారం తర్వాత తిరిగొచ్చాడు. ముఖం ఎండకు నల్లబడింది, కళ్ళు మాత్రం చిన్నపిల్లాడివి. చెప్పినట్టే చేశారట, నడుంలోతు నీళ్ళలో జాలర్లు కాడ పట్టుకుంటే, మామ పిన్ను గుచ్చాడట. (తర్వాత అక్కడి నుంచి కబురొచ్చింది, ఇసుక వైపు నాటింది నిలిచిందని. బురద వైపు సారు ముచ్చటపడి నాటించిన వరస మాత్రం మొదటి పోటుకే పోయిందట.) చాయ్ తాగుతూ, ఎన్నడూ లేనిది తనే స్టోరు తాళం తీసి నన్ను లోపల కూర్చోబెట్టి, సముద్రమంతా నాకు వర్ణించాడు. నేను పళ్ళు బిగించుకుని విన్నాను. చివరికి, నిజంగా తెలుసుకోవాలన్న ఆత్రంతో అడిగాడు.

"గని ఒక్క ముచ్చట చెప్పు బిడ్డా. అది రాత్రి పగలు గంత సప్పుడు చేస్తది కదా. మీరు ఎట్ల నిద్రపోతరు?"

ఎంతమందికని చెప్పను? ఇంక ఓపిక లేదు.

"అలవాటైపోతుంది మామా" అన్నాను.

నేను సముద్రం చూసింది చాలా ఏళ్ళ తర్వాత, పెళ్ళయి, జుట్టు నెరవడం మొదలయ్యాక. ఒడ్డునే గది తీసుకున్నాం. మా ఆయన పడుకోగానే గుర్రు పెట్టాడు. నేను మాత్రం ఆ హోరు వింటూ తెల్లవార్లూ కళ్ళు తెరుచుకునే ఉన్నాను. అలవాటవుతుందట! మామకు ఎంత ధీమాగా చెప్పింది, ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల!